డిస్లెక్సియా ఉన్న పిల్లలకు తెలుగు బొమ్మల ఆట: తయారు చేసే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

పాఠం చెబితే అర్థమవుతుంది, అడిగితే నోటితో జవాబు వస్తుంది, పుస్తకం తెరిస్తే మాత్రం రెండో వాక్యం దగ్గరే బండి ఆగిపోతుంది. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు అమలాపురం నుంచి, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి తరచుగా అడుగుతున్నది ఒకటే: తెలుగు చదవడం నేర్పే బొమ్మల ఆటను మేమే తయారు చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? బొమ్మలు వేయగల వారు ఒకరు, పిల్లల పక్కన ఓపికగా కూర్చోగల వారు ఒకరు ఉంటే ఈ పని సాగుతుంది. కంప్యూటర్ అవసరం చాలా తర్వాత వస్తుంది.

ఒక్క సూత్రాన్ని మాత్రం మొదటి నుంచి చివరి దాకా వదలకండి. బొమ్మ పిల్లలను అక్షరం దగ్గరకు తీసుకురావాలి గానీ, అక్షరం బదులు తానే జవాబు చెప్పేయకూడదు. ఫోన్లలో కనిపించే అక్షరాల ఆటల్లో చాలా వాటిని పిల్లలు ఒక్క అక్షరమూ చదవకుండా, బొమ్మ చూసి గెలిచేస్తారు. అందరూ చప్పట్లు కొడతారు, చదువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

## 1. మొదలుపెట్టే ముందు

డిస్లెక్సియా కంటి జబ్బు కాదు, తెలివి తక్కువతనం అంతకన్నా కాదు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో, ఆ ధ్వనిని అక్షరంతో జోడించడంలో వచ్చే ఇబ్బంది అది. అందుకే మనం తయారు చేసేది చెవితో మొదలయ్యే ఆట కావాలి.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. డిస్లెక్సియా వాటిలోకే వస్తుంది. ఆట ఆడించి ఉందో లేదో తేల్చే పని మనది కాదు. అనుమానం ఉంటే ముందు కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులను కలిసి, సరైన పరీక్ష ఎక్కడ చేస్తారో అడగండి.

సిద్ధం చేసుకోవలసినవి:

- ఒక నోటుపుస్తకం
- దళసరి అట్ట, నల్ల స్కెచ్ పెన్ను, రెండు మూడు రంగులు
- ధ్వని రికార్డు చేయడానికి ఫోను
- ఏడు నుంచి పదేళ్ల లోపు పిల్లలు ఇద్దరు ముగ్గురు, వారి తల్లిదండ్రుల అనుమతి

## 2. తప్పుల పుస్తకం రాయండి

వారం రోజులు రోజుకు పది నిమిషాలు పిల్లల చేత చదివించి, వచ్చిన తప్పును వచ్చినట్టే రాసుకోండి. సరిదిద్దకండి. "మేడ"ను "మెడ" అన్నారా, "బండి"ని "బడి" అన్నారా, "గడ్డి"ని "గడి" అన్నారా, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించారా అన్నది అక్షరాలా రాయాలి.

వారం తర్వాత ఆ పుటలను ముందేసుకుంటే తప్పులు కొన్ని గుంపులుగా విడిపోతాయి:

- హ్రస్వం, దీర్ఘం కలిసిపోవడం
- సున్న వదిలేయడం
- ఒత్తు వదిలేయడం
- పోలిక ఉన్న అక్షరాలు తారుమారవడం
- చదవకుండా ఊహించడం

ఏ గుంపు పెద్దదో ఆట దానికోసమే. అన్నీ ఒకే ఆటలో పెట్టాలనే ఆశ ఎవరికైనా పుడుతుంది, దాన్ని గట్టిగా అదుపులో పెట్టుకోండి. ఒక ఆటకు ఒక్కటే పని.

## 3. అక్షరాల వరుస

మొత్తం పనిలో ఎక్కువ ఆలోచన కోరేది ఇదే. వర్ణమాల వరుస ఉచ్చారణ స్థానాలను బట్టి ఏర్పడింది, అది గొప్ప అమరికే. కానీ డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ఆ వరుసలో నేర్పితే ట పక్కనే ఠ, డ పక్కనే ఢ, ద పక్కనే ధ వచ్చి కూర్చుంటాయి. పోలిక ఉన్నవి ఒకేసారి నేర్పితే రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ముందుగా, మీ పిల్లలు తికమకపడే జతలను తప్పుల పుస్తకం నుంచి తీయండి. సాధారణంగా కనిపించేవి ఇవి: ప–వ, మ–య, న–స, ర–ఠ, ద–ధ–థ, బ–భ, ఒ–ఓ. ఒక జతలో మొదటిది గట్టిపడే దాకా రెండోది ఆటలోకి రాకూడదు.

అందుకే "పడవ"తో మొదలుపెట్టకండి. గోదావరి జిల్లాల పిల్లలకు ఎంతో దగ్గరి మాట అది, గుణింతం లేదు, ఒత్తు లేదు, బొమ్మ వేయడం తేలిక. అయినా మూడక్షరాల మాటలో ప, వ రెండూ ఉన్నాయి. దాన్ని రెండో దశకు దాచండి.

మొదటి దశకు అ, ల, త, క, ర, గ సరిపోతాయి. ఈ ఆరింటితోనే తల, అల, కల, అలక, అరక వస్తాయి. తర్వాత డ కలిపితే గడ, తలగడ కూడా చేరతాయి. ప, న, మ ఆ తర్వాత ఒక్కొక్కటిగా రావాలి.

గుణింతంలో "క కా కి కీ" వరుసను పాటలా పాడించడం మనందరికీ అలవాటు. ఆ పాట నోటికి వస్తుంది, వరుస తప్పించి ఒక్క "కే" చూపిస్తే ఆగిపోతారు. ఆటలో గుణింతం ఎప్పుడూ వరుసలో రాకూడదు. తలకట్టు, దీర్ఘం ముందు గట్టిపరచండి: తల–తాళం, అల–ఆట. తర్వాత గుడి, కొమ్ము. ఎత్వం, ఏత్వం తేడా చివరకు ఉంచండి, ఎందుకంటే ఆ రెండింటికీ ఆకారంలో తేడా చాలా చిన్నది.

ఇక ఒత్తులు. డ, ద, ట, ప, గ ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉంటుంది. గడ్డి, గద్ద, చెట్టు, పప్పు, మొగ్గ లాంటి మాటలతో వీటిని ముందు నేర్పవచ్చు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక దాదాపు ఉండదు, అందుకే అవి తర్వాత. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. పిల్లలకు ఎంతో ఇష్టమైన మాటలు అమ్మ, అన్న, అత్త, పిల్ల. ఇవన్నీ ఆ కష్టమైన ఒత్తుల మాటలే. పైగా వాటిని పిల్లలు ఎప్పుడో మొత్తం ఆకారంగా గుర్తు పెట్టుకుని ఉంటారు, "అమ్మ" చదివారంటే మ ఒత్తు వచ్చినట్టు కాదు. ఒత్తు వచ్చిందో లేదో "కొమ్మ", "దిమ్మ" ఇచ్చి చూడండి.

ర ఒత్తు అన్నింటికన్నా చివర. "ప్రభ" చూడండి. సంక్రాంతికి కోనసీమ పిల్లలు కళ్లారా చూసేదే, మాట బాగా తెలిసిందే. కానీ చాలా ఫాంట్లలో ర ఒత్తు ప కు ఎడమ పక్క నుంచి మొదలవుతుంది. కంటికి ముందు దొరికేది ర, నోటితో ముందు పలకవలసింది ప. ఈ ఎదురు నడక గురించి ఆటలో విడిగా ఒక దశ పెట్టాలి.

## 4. మాటల జాబితా: పిల్లల నోటి మాటే ప్రమాణం

ఇరవై నాలుగు మాటలు మొదటి ఆటకు చాలు. ప్రతి మాటకూ బొమ్మ వేసే ముందు చిన్న పరీక్ష ఉంది. బొమ్మ చూపించి, "ఇదేమిటి?" అని మాత్రమే అడగండి. ముగ్గురు పిల్లలు అడిగిన వెంటనే ఒకే మాట చెబితే ఆ బొమ్మ నిలుస్తుంది.

ఈ పరీక్షలో పడిపోయేవి ఎన్నో. సొరకాయ బొమ్మ వేసి "సొ" కోసం చూస్తే, ఇక్కడి పిల్లలు "ఆనపకాయ" అంటారు. బర్రె బొమ్మకు "గేదె" అంటారు. పచ్చ రంగు కొబ్బరికాయ వేస్తే "బొండం" అనేస్తారు. "కొ" నేర్పాలంటే పీచు తీసి, మూడు కళ్లు కనిపించే గోధుమ రంగు కాయే వేయాలి. పిల్లలు చెప్పినది ఏ విధంగానూ తప్పు కాదు. వారి మాటను తప్పు అన్న క్షణంలో ఆట మీద నమ్మకం పోతుంది. మాటల పుస్తకం ఎక్కడ అచ్చయినా, ఆట మాత్రం ఆ ఊరి మాటతో ఉండాలి.

జాబితాకు అరటి గెల, వల, రేవు, గట్టు, కాలువ, కొంగ, రొయ్య, కాజా, లంక లాంటివి చూడండి. వీటిలో ఏది ఏ దశలో చేరాలో పైన వేసుకున్న అక్షరాల వరుసే చెబుతుంది. మాట ముద్దుగా ఉందని వరుస తప్పించకండి.

## 5. ఆట నడిచే తీరు: లాకుల ఆట

ఒక నమూనా చెబుతాను, మీరు మార్చుకోవచ్చు. ధవళేశ్వరం వైపు బయలుదేరిన పడవ కాలువ మీద ఎగువకు సాగుతుంది. దారిలో లాకు వస్తుంది. నిజమైన లాకులో పడవ లోపలికి వచ్చాక వెనుక తలుపు మూసి, నీటిమట్టం అవతలి నీటితో సమానమయ్యాక ముందు తలుపు తెరుస్తారు. ఆటలోనూ అంతే: ఒక్కో సరైన జవాబుకు నీరు ఒక మెట్టు పెరుగుతుంది, మూడు మెట్లకు తలుపు తెరుచుకుంటుంది.

ఒక్కో మెట్టు ఈ వరుసలో నడవాలి:

1. తెర ఖాళీగా ఉంటుంది, మాట వినిపిస్తుంది: "తల".
2. మాట మళ్లీ విడివిడిగా వినిపిస్తుంది: "త… ల". పిల్లలు ఒక్కో ధ్వనికి ఒకసారి చప్పట్లు కొడతారు.
3. మూడు అక్షరాలు కనిపిస్తాయి. "త ఏది?" అని అడుగుతుంది.
4. సరిగ్గా తాకితే అక్షరం తన ధ్వని పలుకుతుంది, నీరు పెరుగుతుంది.
5. అప్పుడు మాత్రమే తల బొమ్మ కనిపిస్తుంది.

ఈ వరుసలో అయిదోదాన్ని ముందుకు జరపకండి. బొమ్మ చివర రావడమే ఈ ఆటకు ప్రాణం.

తప్పు తాకితే ఏమవుతుంది? నీరు తగ్గదు. తాకిన అక్షరం తన అసలు ధ్వని పలికి పక్కకు జరుగుతుంది, మాట మళ్లీ వినిపిస్తుంది, ఈసారి రెండే అక్షరాలు మిగులుతాయి. పెద్ద శబ్దాలు, ఎర్ర గుర్తులు, ఏడుపు ముఖాలు వద్దు. పడవ మునగడం అసలే వద్దు. ఏటా వరద చూసే లంక గ్రామాల పిల్లలకు అది ఆట కాదు.

గడియారం పెట్టకండి. ఈ పిల్లలు ధ్వనిని పట్టుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటారు. వేగం మీద బహుమతి పెడితే చదవడం మానేసి ఊహించడం మొదలుపెడతారు.

## 6. బొమ్మలు వేయడం

గీత స్పష్టంగా, వెనుక తెల్లగా, ఒక బొమ్మలో ఒకే వస్తువు. వల బొమ్మ వేస్తూ పక్కన చేప కూడా వేస్తే "చేప" అంటారు. అక్షరం తెర మీద ఉన్నంతసేపు బొమ్మల్లో కదలిక ఉండకూడదు. అలలు, కొంగలు, ఊగే కొబ్బరాకులు అన్నీ జవాబు వచ్చాకే కదలాలి.

అక్షరాన్నే బొమ్మలో ఇమిడ్చే పద్ధతి బాగా పనికొస్తుంది. ధ్వని, ఆకారం, వస్తువు మూడూ ఒకే చోట దొరుకుతాయి. ఉదాహరణకు ర. అంతర్వేది రథం తెలిసిన పిల్లలకు ర లోని గుండ్రాన్ని రథచక్రంగా, తలకట్టును దాని మీది భాగంగా వేసి చూపవచ్చు. ఇక్కడ చేయి ఆపుకోవలసిన చోటు ఒకటుంది. చక్రం అనగానే మధ్యలో ఇరుసు కోసం చుక్క పెట్టాలనిపిస్తుంది. ఆ చుక్క పెడితే అది ర కాదు, ఠ. ఆకులు గీసినా అవి కలిసే చోట చుక్కలాగే కనిపిస్తుంది. చక్రం లోపల ఖాళీగా వదిలి, అంచుకు మాత్రమే రంగు వేయండి.

ఇమిడ్చిన బొమ్మను శాశ్వతంగా ఉంచకూడదు. మూడు దశల్లో తీసేయండి: ముందు పూర్తి బొమ్మ, తర్వాత పలుచని గీత, చివరకు ఒట్టి అక్షరం. అన్ని అక్షరాలకూ ఇలా వేయాలని పట్టుబట్టకండి. సహజంగా కుదిరిన వాటికే వేయండి. బలవంతపు పోలిక గుర్తు పెట్టుకోవడం మరో భారమవుతుంది.

బొమ్మలోని పిల్లలు చూసేవారి వయసు వారే కావాలి. తొమ్మిదేళ్ల పిల్లలకు అంగన్‌వాడీ బొమ్మలు పెడితే చిన్నబుచ్చుకుంటారు.

## 7. అక్షరాల అచ్చు

అలంకారం లేని, గీత మందం సమంగా ఉన్న ఫాంటు తీసుకోండి. మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఆట మొత్తానికీ ఒకటే ఫాంటు.

2012లో ఇటాలియన్, ఫ్రెంచ్ పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనంలో, అక్షరాల మధ్య ఎడం పెంచితే డిస్లెక్సియా ఉన్న పిల్లలు తప్పులు తగ్గించి, వేగంగా చదివారు. తెలుగులో ఎడం అక్షరానికీ అక్షరానికీ మధ్య మాత్రమే పెంచాలి. అక్షరం నుంచి దాని ఒత్తు దూరం జరగకూడదు. వరుసల మధ్య కూడా ఎక్కువ జాగా వదలండి, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది.

చూసుకోవలసినవి:

- అట్ట మీద అక్షరం కనీసం నాలుగు సెంటీమీటర్లు, తెర మీద ఒకటిన్నర సెంటీమీటర్లు
- పాలమీగడ రంగు నేల, ముదురు అక్షరం
- మొదటి దశలో ఒత్తుకు వేరే రంగు, రెండో దశలో అంతా నలుపే
- ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీద ఏ అర్థమూ ఆధారపడకూడదు

## 8. గొంతు

పిల్లలకు అలవాటైన యాసలో, నిదానంగా పలికే గొంతు కావాలి. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, ఫోనును నోటికి జానెడు దూరంలో పెట్టి రికార్డు చేయండి. "త" అనాలి, "తకారం" అనకూడదు.

ద్విత్వం దగ్గర జాగ్రత్త. "గడ్డి"ని "గడ్… డి" అని విడగొట్టి, డ మీద ఆగడం చెవికి తెలియాలి. "గడి", "గడ్డి" వెంటవెంటనే వినిపించి, "ఎక్కడ ఆగింది?" అని అడిగే చిన్న ఆట ఒకటి చేర్చండి. దానికి అక్షరాలే అక్కరలేదు.

## 9. ముందు అట్టల మీద ఆడించండి

కంప్యూటర్ ముట్టుకోకముందే ఆట మొత్తం అట్టముక్కలతో ఆడించాలి. మీరే గొంతు, మీరే లాకు. నీలం కాగితం పట్టీని మెట్టు మెట్టుగా పైకి జరిపితే నీరు పెరిగినట్టే.

ఆడుతున్నప్పుడు పిల్లల చూపు ఎటు పోతుందో చూడండి. అక్షరం వైపా, మీ ముఖం వైపా? మీ కళ్లు సరైన అట్ట మీద నిలిస్తే చాలు, వారు పట్టేస్తారు. అట్టలు పరిచాక తల వంచుకుని నోటుపుస్తకం చూడండి.

- సూచన రెండోసారి చెప్పవలసి వచ్చిందా? సూచనను చిన్నది చేయండి.
- బొమ్మ రాకముందే మాట చెప్పగలిగారా? ఆట సరైన దారిలో ఉంది.
- పది నిమిషాలకే కదలడం మొదలైందా? ఆట నిడివి ఎనిమిదికి తగ్గించండి.

## 10. కంప్యూటర్‌లోకి మార్చడం

కంప్యూటర్ ఆటలు తయారు చేసే గోడో అనే ఉచిత సాధనం ఈ పనికి సరిపోతుంది. 2023లో వచ్చిన నాలుగో సంచిక నుంచి తెలుగు ఒత్తులు, గుణింతాలు అందులో సరిగ్గా కుదురుతాయి. వేరే సాధనం వాడితే ముందుగా "స్త్రీ", "క్ష్మి", "ప్రభ" టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోయి కనిపిస్తే, అక్షరాలను బొమ్మలుగా దాచి వాడటమే దారి.

ప్రోగ్రాం రాసేవారికి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. "స్త్రీ" పిల్లలకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు. సంకేతాల లెక్కన మాటను విడగొడితే ఒత్తులు గాలిలో తేలుతాయి. మాటల జాబితాలోనే అక్షరాల మధ్య గీత పెట్టి "త|ల|గ|డ" అని ఇచ్చేయండి, ఏ గందరగోళమూ ఉండదు.

డీటీపీ దుకాణంలో అను ఫాంట్లలో టైపు చేయించిన జాబితా నేరుగా పనికిరాదు, దాన్ని యూనికోడ్‌లోకి మార్పించాలి. ఆట నెట్ లేకుండా, పాత ఫోనులో నడవాలి. ప్రకటనలు ఒక్కటి కూడా వద్దు.

## 11. స్థాయిలు, నమోదు

పదింటిలో ఎనిమిది సరిగ్గా వస్తే తర్వాతి దశ. ఆరు కన్నా తగ్గితే చడీచప్పుడు లేకుండా వెనుకటి దశ. ప్రతి ఆటలోనూ పాతవి ఏడు, కొత్తవి మూడు.

మొత్తం మార్కులు దాచకండి. ఏ అక్షరానికి బదులు ఏది తాకారో అది దాచండి. "ప అడిగితే వ, నాలుగుసార్లు" అన్న ఒక్క వరుస, నూటికి అరవై అన్న అంకె కన్నా టీచరుకు వందరెట్లు ఉపయోగం. అన్నదమ్ముల మధ్య పోటీ పట్టికలు పెట్టవద్దు.

పక్కన పెద్దవారు ఉండాలి. ఫిన్లండ్‌లోని యువస్కులా విశ్వవిద్యాలయంలో పుట్టిన గ్రాఫోగేమ్ ఇలాంటి ఆటల్లో పేరున్నది. దాని మీది అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో, పిల్లలను ఆటతో ఒంటరిగా వదిలిన చోట కన్నా పెద్దలు చురుగ్గా తోడున్న చోట ఫలితం మెరుగ్గా కనిపించింది. ఫోను చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతే ఈ ఆట సగమే పనిచేస్తుంది.

## 12. తరచూ వచ్చే చిక్కులు, సవరణలు

ఆటలో అన్నీ సరి, పుస్తకంలో ఏదీ రాదు. అక్షరాల స్థానం గుర్తుపెట్టుకుని తాకుతున్నారు. ప్రతిసారీ స్థానాలు మార్చండి. అదే మాటను అట్ట మీద రాసి చదివించండి.

అన్ని అట్టలూ వరుసగా తాకేస్తున్నారు. తప్పుకు ఏ ఆలస్యమూ లేదన్నమాట. తప్పు తాకాక మాట పూర్తిగా వినిపించే దాకా తెర స్పందించకుండా చేయండి.

ఒకే దశలో వారాల తరబడి ఆగిపోయారు. ఆ దశలో పోలిక జత ఏదో దాగి ఉంటుంది. ఒకదాన్ని తీసేయండి. అప్పటికీ కదలకపోతే అక్షరాలు పక్కనబెట్టి, చప్పట్ల ఆటకు వెళ్లండి.

ఆడనంటున్నారు. ఆ రోజుకు మానేయండి. బలవంతం చేసిన రోజు పని తర్వాతి పది రోజులను పాడుచేస్తుంది.

## 13. నేర్చుకున్నారో లేదో చూడటం

నెలకోసారి, ఆటలోని మాటలతో పాటు ఆటలో లేని మాటలతోనూ, కాగితం మీద, ఒక్క బొమ్మా లేకుండా చూడాలి. నేర్చిన అక్షరాలతో అర్థం లేని మాటలు కూడా కొన్ని కల్పించండి: లకత, గరత, రకల. "ఇవి ఏ భాషలోనూ లేని మాటలు, ఎలా ఉంటే అలా చదువు" అని ముందే చెప్పండి. వీటిని ఊహించడానికి వీల్లేదు, చదవడం ఒక్కటే దారి.

- ఆటలోని మాటలు పది
- అవే అక్షరాలతో ఆటలో లేని మాటలు పది
- అర్థం లేని మాటలు అయిదు

మొదటి పది వచ్చి, మిగతావి రాకపోతే పిల్లలు మాటల ఆకారాలనే కంఠస్థం చేశారు. పైన "అక్షరాల వరుస" భాగంలో వేసుకున్న వరుసకు తిరిగి వెళ్లి, అవే అక్షరాలతో కొత్త మాటలు పెట్టి, పాత బొమ్మలన్నీ తీసేసి ఆ దశను మళ్లీ ఆడించండి. ఈ మూడు రకాల మాటలూ దాదాపు సమానంగా వస్తే తర్వాతి అక్షరాన్ని ఆటలోకి దించవచ్చు.